ఐదు మేకుల లైసెన్సు

ఆర్డిత్ వాండ్రా లైసెన్సుకి మా కౌంటీలో ఐదు మేకులున్నాయి. ఐదు బళ్లలో, ఐదు గదుల్లో, సరిగ్గా ఆవిడ కళ్ల ఎత్తున కొట్టినవి. గదులంటే గదులు కావు లెండి. ఒకచోట చీపుర్లూ బకెట్లూ పెట్టే కొట్టు, ఒకచోట బాయిలరు పక్క మూల, ఇంకోచోట స్టేజీ వెనక నాటకాల సామాను పడేసే సందు. మాట సరిగా రాని పిల్లలకి మాట నేర్పే మనిషికి మంచి గది ఇచ్చిన పాపాన ఏ బడీ పోలేదు. ముప్పై నాలుగేళ్లు ఆవిడ ఆ మూలల్లోనే కూర్చుని, అద్దం పట్టి, మూతి తిప్పి, నాలుక ఎక్కడ పెట్టాలో చూపించి మా వాళ్ల నోళ్లు బాగుచేసింది. ఇవాళ మా పశువుల సంతలో వేలం పాడేవాడి దగ్గర్నుంచి చర్చిలో ప్రసంగం చేసే ఆయన దాకా సగం మంది గొంతులు ఆవిడ చేతి చలవే.

పొద్దున్నే బడి ముందు కారు ఆపగానే ఆవిడ చేసే మొదటి పని, వెనక సీట్లోంచి పాత దుప్పటిలో చుట్టిన పటం తీసి, లోపలికి తీసుకెళ్లి మేకుకి తగిలించడం. సాయంత్రం మళ్లీ దించి, అద్దం తుడిచి, చుట్టి, కార్లో పెట్టుకోవడం. పనిచేసే చోట లైసెన్సు నలుగురికీ కనబడేలా ఉండాలని రూలు. రూలు ఉన్న మాట నిజమే గానీ, దాన్ని ఇలా నెత్తినపెట్టుకుని ఊరూరా మోసిన మనిషి నెబ్రాస్కా రాష్ట్రం మొత్తం గాలించినా ఇంకొకరు దొరకరు.

"జిరాక్సులు తీసి ఐదు చోట్లా అంటించెయ్యొచ్చుగా ఆర్డిత్?" అని ఎవరో టీచరు అడిగితే, "పరీక్ష రాసింది నేను, జిరాక్సు మిషను కాదు," అని ఊరుకుంది.

ఇంకో తమాషా ఏమిటంటే, అసలు ఆ లైసెన్సు ఆవిడకి అక్కర్లేదు. బడిలో పనిచెయ్యడానికి విద్యాశాఖ ఇచ్చే సర్టిఫికెట్టు చాలు. రాష్ట్ర బోర్డు ఇచ్చే లైసెన్సు ఆసుపత్రుల్లో చేసేవాళ్లకీ, సొంతంగా పెట్టుకునేవాళ్లకీ. దానికి పెద్ద చదువు చదవాలి, ఆ మీద తొమ్మిది నెలలు ఇంకొక లైసెన్సున్న మనిషి కంటి కింద పనిచెయ్యాలి, పరీక్ష నెగ్గాలి, తర్వాత కూడా రెండేళ్లకోసారి కొత్త పాఠాలు ఇన్ని గంటలు విన్నానని రుజువు చూపించి కాగితం మార్చుకోవాలి. బళ్లలో చేరినవాళ్లెవరూ ఈ తలనొప్పి పెట్టుకోరు. ఆర్డిత్ పెట్టుకుంది. "పక్షవాతం వచ్చిన ముసలాయనకి లైసెన్సున్న మనిషి కావాలిట. ఆరేళ్ల పిల్లకి మాత్రం ఎవరైనా సరిపోతారా?" అనేది. ఆవిడ గర్వం ఆ మాటలో ఉంది. ఆ గర్వం చూస్తే మాకూ గర్వంగానే ఉండేది.

పటం చట్రం ఆవిడ భర్త ఎమిల్ చేసింది. ఎమిల్ రైతు, చేతిపని కూడా వచ్చినవాడు. తాతలనాటి పశువుల కొట్టం పడగొట్టినప్పుడు దాని పలకలు కోసి, వెడల్పుగా, మొరటుగా, నలుగురు ఎక్కి తొక్కినా విరగనట్టు చేశాడు. రెండేళ్లకోసారి బోర్డు నుంచి పచ్చకార్డు వచ్చేది, ఫలానా తారీఖులోగా లైసెన్సు మార్చుకోండని. ఎమిల్ దాన్ని ట్రాక్టరు బొమ్మ ఉన్న అయస్కాంతం కింద ఫ్రిజ్జుకి అంటించేవాడు. రోజూ కాఫీ తాగుతూ, "నీ పచ్చకార్డు చూసుకున్నావా?" అని పోరు పెట్టేవాడు. కొత్త కాగితం రాగానే పటం వెనక చెక్క విప్పి లోపల పెట్టేదీ ఆయనే. ఆర్డిత్ ఆ పటాన్ని వేలసార్లు ఎత్తింది, దించింది, తుడిచింది గానీ ఒక్కసారైనా విప్పలేదు. చట్రం కింది చెక్క ఎంత వెడల్పంటే, కాగితం అడుగున ఉండే గడువు తారీఖు దాని వెనక మునిగిపోయేది. అది ఆవిడకి తెలియను కూడా తెలియదు.

రెండు వేల పద్నాలుగు అక్టోబరులో, మొక్కజొన్న కోతల మధ్య, ఎమిల్ కోతమిషను మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె. ఆర్డిత్ ఐదో రోజుకల్లా బడికొచ్చింది. పటం మేకుకి తగిలించింది. ఎవరైనా పలకరించబోతే, "పిల్లలు ఎదురుచూస్తున్నారు," అని తప్పుకుంది. ఇంటికొచ్చిన సానుభూతి కార్డులూ ఉత్తరాలూ విప్పకుండానే ఒక బుట్టలో పడేసింది. ఆ బుట్టకేసి చూడటం కూడా మానేసింది.

ఆ ఏడాది ఆవిడ దగ్గర తొమ్మిది నెలల పనికి చేరిన పిల్ల కెండ్రా స్టాల్. ఇరవై ఎనిమిదేళ్లది, మా పక్క ఊరి పిల్లే. వాళ్లమ్మ వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది. ఆరేళ్లు చదివింది, ఇంత అప్పు నెత్తికెత్తుకుంది, పెద్ద ఊళ్ల ఉద్యోగాలు వదులుకుని మా కౌంటీకే వచ్చింది. మే నెలాఖరుకి ఆర్డిత్ రిటైరవ్వాలి, ఆగస్టులో ఈ ఐదు బళ్లూ కెండ్రా చేతికి రావాలి. అరవై రెండు మంది పిల్లలు. ఆర్డిత్‌ని చూశాక, ఆవిడ చోట్లో వచ్చే మనిషికి కూడా లైసెన్సు ఉండాల్సిందేనని మా బళ్లవాళ్లు నియమం పెట్టుకున్నారు. అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి, కెండ్రాకి లైసెన్సు రావడమే తరువాయి.

ఆర్డిత్ కింద పనిచెయ్యడం అంటే మాటలు కాదు. కెండ్రా పిల్లలతో కూర్చుంటే ఈవిడ వెనక చిన్న కుర్చీ వేసుకుని, గీతల నోటుబుక్కులో రాస్తూ ఉండేది. తారీఖు, టైము, ఏ పిల్ల, ఏం చేసింది, ఏం చెడగొట్టింది.

"ఆర్డిత్ గారూ, ఒక్క మంచి ముక్కయినా రాస్తారా అందులో?" అని ఏడుపు మొహంతో అడిగింది కెండ్రా ఒకరోజు.

"మంచిది గుర్తుంటుందిలే. చెడ్డది రాసుకోకపోతే పోతుంది."

బాయిలరు పక్క మూలకి హాలీ అని ఒక ఆరేళ్ల పిల్ల వచ్చేది. దానికి 'క' రాదు. 'క' అనాల్సిన చోటల్లా 'ట' అనేది. కెండ్రాని 'టెండ్రా టీచర్' అని పిలిచేది. నాలుక కొస పైకి లేవకుండా చిన్న చెంచాతో నొక్కి, గొంతు వెనక నుంచి శబ్దం తెప్పించడానికి కెండ్రా చలికాలమంతా తంటాలు పడింది. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఎవరూ అడక్కుండానే, "కెండ్రా టీచర్, నాకు నీళ్లు కావాలి," అంది. కెండ్రా నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆర్డిత్ మొహం తిప్పుకుని నోటుబుక్కులో ఏదో రాసుకుంది. ఏం రాసిందో అప్పుడు చూపించలేదు.

మే మొదటి వారంలో ఆ బాయిలరు మూల మేకు ఊడింది. పటం సిమెంటు నేల మీద పడి అద్దం భళ్లుమంది. ఎమిల్ చట్రానికి గీత కూడా పడలేదు గానీ వెనక చెక్క వదులైంది. హాలీని పక్కకి జరగమని, గాజుపెంకులు ఏరి, ఆర్డిత్ ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి ఆ పటం విప్పింది.

లోపల ఉన్నది ఒక్క కాగితం కాదు. ఒకదాని వెనక ఒకటి, పదిహేడున్నాయి. ఎమిల్ పాతది ఒక్కటీ పారెయ్యలేదు. మొదటిది, ఆవిడ పాతికేళ్ల పిల్లప్పటిది, అట్టడుగున పసుపురంగు తిరిగి ఉంది. ఆర్డిత్ ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ తిరగేసింది. కళ్లు చెమర్చాయి. తర్వాత అన్నిటికన్నా పైది తీసి చూసింది. అడుగున తారీఖు ఉంది. గడువు: డిసెంబరు ఒకటి, రెండు వేల పద్నాలుగు.

పద్దెనిమిదోది లేదు.

"కెండ్రా, తలుపు వెయ్యి," అంది.

ఆవిడ బడి ఉద్యోగానికి ఏ ముప్పూ లేదు, విద్యాశాఖ కాగితం బాగానే ఉంది. ముప్పంతా కెండ్రాకి. ఆ తొమ్మిది నెలలూ లైసెన్సున్న మనిషి కంటి కింద గడవాలి. డిసెంబరు నుంచి ఐదు నెలలు, కెండ్రాని చూసిన కళ్లకి లైసెన్సు లేదు. అంటే ఆ ఐదు నెలలూ గాలికి కొట్టుకుపోయినట్టే. ఆగస్టుకి లైసెన్సు రాదు, ఉద్యోగం రాదు, ఐదు బళ్లకీ మనిషి ఉండదు.

ఆ సాయంత్రం ఆర్డిత్ ఇంటికెళ్లి సానుభూతి కార్డుల బుట్ట వంటింటి బల్ల మీద బోర్లించింది. లిల్లీపూల బొమ్మల కార్డుల మధ్య నుంచి పచ్చకార్డు జారిపడింది. నవంబరు మొదటి వారం ముద్ర ఉంది దాని మీద. బోర్డు వాళ్లు పంపారు, పోస్టు వాళ్లు తెచ్చి ఇచ్చారు, ఈవిడే చూడలేదు. ఇంక ఎవర్నని తిట్టుకుంటుంది?

మర్నాడు మా బళ్ల సూపరింటెండెంటు గ్లెన్ రీమర్స్ గదిలో కూర్చున్నారు ముగ్గురూ. గ్లెన్ మనిషి మంచివాడు, నాలుగు బళ్లు మూతపడకుండా కాపాడినవాడు. కాకపోతే ఏడేళ్ల వయసులో వాడికి 'స' రాక, ఆర్డిత్ ముందు చీపుర్ల కొట్లో కూర్చుని రెండేళ్లపాటు బుస కొట్టడం నేర్చుకున్నాడు. అంచేత ఈవిడ ముందు వాడు ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా ఏడేళ్లవాడే.

"టీచర్, ఇందులో అంత కంగారు పడాల్సిందేముంది?" అన్నాడు. "మీ పనే చేసే ఫ్రీడాకి లైసెన్సు ఉందిగా. నలభై మైళ్ల దూరమేగా తను చేసే ఆసుపత్రి. డిసెంబరు నుంచి కెండ్రాని తనే చూసిందని ఒక్క సంతకం పెట్టేస్తే సరిపోతుంది. నేను మాట్లాడతాను, కాదనదు. ఎవరికీ నష్టం లేదు."

"ఫ్రీడా కెండ్రాని ఎన్నిసార్లు చూసిందిరా?"

"చూడటమంటే... క్రిస్మస్ పార్టీలో చూసింది."

"ఏం నేర్పిందిట? కేకు కొయ్యడమా?"

గ్లెన్ తల గోక్కున్నాడు. "అది కాదు టీచర్. ఈ పిల్ల బాగా చేసిందా లేదా? చేసింది. మీరు చూశారా లేదా? చూశారు. మరి కాగితం మీద ఎవరి పేరుంటే ఏం?"

"ఒరే గ్లెన్, నీ నోట్లో 'స' పెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. అబద్ధం పెట్టుకోవడానికి నీకు రెండు నిమిషాలు కూడా పట్టలేదే!" అని లేచింది. "బోర్డుకి నేనే రాస్తాను. జరిగింది జరిగినట్టు."

వరండాలో కెండ్రా అడ్డం నిలబడింది. పిల్ల మొహం ఎర్రబడి ఉంది.

"ఒక్కమాట నన్నడిగారా మీరు? ఆ ఐదు నెలలూ ఎవరివి? నావి. మంచులో, ఆ డొక్కు కార్లో, ఐదు బళ్లు తిరిగింది నేను. తప్పు మీది, కట్టేది నేనా?"

"తప్పు నాదే. నువ్వు కట్టాల్సి రావచ్చు కూడా."

"అంతేనా? ఇంత తేలిగ్గా అంటారేమిటి?"

"తేలిగ్గా అనట్లేదే తల్లీ." ఆర్డిత్ గోడకి చెయ్యి ఆనించుకుంది. "లైసెన్సు అంటే ఏమిటనుకున్నావు? ఈ మనిషి పనిచేస్తుంటే నేను కళ్లారా చూశాను, మీ పిల్లని ధైర్యంగా అప్పజెప్పండి అని ఒకళ్లు చెప్పడం. చూడనివాళ్లు చూశామన్న రోజున అది అట్టముక్క. అట్టముక్క నీకు నేనివ్వను."

"అట్టముక్కో, ఇంకోటో! ఆగస్టులో ఆ పిల్లల ముందు ఎవరు కూర్చుంటారో మీ నోటుబుక్కులో రాసిపెట్టండి," అని కెండ్రా విసవిసా వెళ్లిపోయింది. ఆ తర్వాత పదిహేను రోజులు పని మాటలు తప్ప పైమాట లేదు ఇద్దరి మధ్యా. అయినా ఒకటి చెప్పాలి. కోపం కోపమే, ఒక్క పిల్లకి ఒక్క పాఠం తప్పలేదు.

జూన్ రెండో వారంలో రాష్ట్ర రాజధాని లింకన్‌లో విచారణ. మూడు గంటల దారి. ఆర్డిత్ కారు నడిపింది, కెండ్రా పక్కన కూర్చుంది. మధ్యలో గసగసాలు కూరిన కొలాచీ బన్నుల డబ్బా, ఇద్దరూ ముట్టుకోలేదు. రోడ్డుకి అటూ ఇటూ మొక్కజొన్న మోకాలెత్తుకొచ్చింది. సగం దారి దాటాక కెండ్రా నోరు విప్పింది.

"ఎమిల్ గారి సంగతి చెప్తారుగా అక్కడ?"

"చెప్పను."

"చెప్పరా? భర్త పోయి నెలన్నర కాలేదు అప్పటికి. ఎవరైనా అర్థం చేసుకుంటారు."

"అర్థం చేసుకుంటారనే చెప్పను. మా ఆయన పోయాడు, అయ్యో పాపం అనండి, క్షమించండి అని నిలబడమంటావా? ముప్పై నాలుగేళ్లలో అయ్యో పాపం అనిపించుకోలేదు నేను. ఆయన్ని అడ్డం పెట్టుకుని బయటపడటం నా వల్ల కాదు."

కెండ్రా కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీ తప్పుకి ఐదు నెలలు పోయాయి. సరే, తప్పు ఎవరైనా చేస్తారు. ఇప్పుడు మీ గర్వానికి కూడా నేనే కట్టాలన్నమాట," అంది. ఆర్డిత్ రోడ్డుకేసి చూస్తూ కారు నడిపింది. మిగతా దారంతా ఆ మాట ఆవిడ చెవిలో గింగురుమంటూనే ఉంది.

బోర్డులో ఐదుగురున్నారు. అధ్యక్షురాలు చెవి పరీక్షలు చేసే డాక్టరమ్మ, పొట్టి జుట్టు, మాట తక్కువ. ఒక మూల జనం తరఫున వేసిన సభ్యుడు, పశువుల రైతు, రెండు చెవుల్లోనూ మిషన్లున్న ముసలాయన. బోర్డు లాయరు కాగితాలు చదివి చెప్పాడు. గడువు దాటిన మాట నిజం, ఆవిడే రాసి పంపింది, దాచలేదు. అయితే రూలు ప్రకారం లైసెన్సు లేని మనిషి పర్యవేక్షణ లెక్కలోకి రాదు. తగిన కారణం ఉంటే మాత్రం బోర్డు రికార్డులు తెప్పించి చూడొచ్చు, చూసి తోచినట్టు చెయ్యొచ్చు. కారణం లేకుండా పట్టించుకోకపోయుంటే రికార్డులు తెరవక్కర్లేదు.

"కారణం ఏమైనా ఉందా, మిసెస్ వాండ్రా?" అని అడిగింది అధ్యక్షురాలు.

'లేదు' అనే మాట ఆర్డిత్ నాలుక కొసన ఉంది. ఇన్నాళ్లూ కూర్చి పెట్టుకున్న మాట. వెనక్కి తిరిగి చూసింది. కెండ్రా వెనక బెంచీ మీద, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పిల్ల నోరు తెరిచేలోపు మాట అందించెయ్యకుండా ఉండటానికి, చేతుల మీద కూర్చుని ఓపిక పట్టమని ఆర్డితే నేర్పింది దానికి. ఇప్పుడు ఆ పిల్ల అలాగే కూర్చుని, ఈవిడ నోరు ఎప్పుడు తెరుస్తుందా అని ఎదురుచూస్తోంది.

ఆర్డిత్‌కి సిగ్గేసింది. నా గర్వం నాది, ఆ పిల్ల ఐదు నెలలు ఆ పిల్లవి అనుకుంది. దుప్పటి విప్పి, అద్దంలేని పటం బల్ల మీద పెట్టింది. వెనక చెక్క తీసి కాగితాలు ఒక్కొక్కటే వరసగా పేర్చింది.

"పదిహేడున్నాయి చూడండి. ఒక్కటీ ఒక్క రోజు ఆలస్యం కాలేదు. వీటిని మార్చింది నేను కాదు, మా ఆయన. పచ్చకార్డు ఫ్రిజ్జుకి అంటించి నన్ను పోరిందీ ఆయనే. అక్టోబరులో పోయాడు." ఆఖరి కాగితం పక్కన ఖాళీ చోటు చూపించింది. "పద్దెనిమిదోది పెట్టే మనిషి లేకపోయాడు. కార్డు వచ్చింది. సానుభూతి కార్డుల్లో కలిసిపోయింది. వాటిని విప్పే ధైర్యం నాకు లేకపోయింది. నన్ను వదిలెయ్యమని చెప్పట్లేదు. నన్నేం చేసినా చెయ్యండి. ఈ పిల్లని మాత్రం నేను చూశాను. రోజూ చూశాను. ఇవి చదవండి."

నోటుబుక్కులు నాలుగు. అధ్యక్షురాలు ఒకటి తీసి పేజీలు తిప్పింది. చదువుతూ చదువుతూ పైకే చదవడం మొదలుపెట్టింది.

"జనవరి పద్నాలుగు. తొందరపడింది. పిల్ల ఆలోచించుకునేలోపే తనే చెప్పేసింది. చేతుల మీద కూర్చోమన్నాను. జనవరి పదిహేను. మళ్లీ తొందరపడింది. మళ్లీ కూర్చోమన్నాను. జనవరి పదహారు. కూర్చుంది. పిల్ల తనే అంది." చెవిమిషన్ల రైతు కిసుక్కున నవ్వాడు. కెండ్రా తల వంచుకుంది.

ఇంకో పేజీ దగ్గర అధ్యక్షురాలు ఆగింది. "ఫిబ్రవరి మూడు. మంచు. నేను బడికి చేరలేదు, కెండ్రా చేరింది. నేను చూడలేదు. ఈ రోజు లెక్క కాదు." తిప్పింది. "ఏప్రిల్ తొమ్మిది. సమాధి దగ్గర రాయి నిలబెట్టించడానికి వెళ్లాను. చూడలేదు. ఈ రోజు లెక్క కాదు."

"ఇట్లాంటివి ఎన్నున్నాయి?" అన్నాడు రైతు.

"డిసెంబరు నుంచి పదిహేను రోజులు," అంది ఆర్డిత్, తడుముకోకుండా.

"ఎవరూ అడక్కుండానే రాసుకున్నారా?"

"చూడని రోజుని చూశానని ఎలా రాస్తానండీ?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడని రోజుల్ని ఇంత పట్టింపుగా రాసుకున్న మనిషి, చూశానన్న రోజుల్ని నేను నమ్ముతాను. నాకింకేం అడగాల్సింది లేదమ్మా," అన్నాడు.

చివరి నోటుబుక్కు ఆఖరు పేజీల్లో అధ్యక్షురాలికి ఇంకొకటి కనబడింది. ఆవిడ దాన్ని గట్టిగా చదవలేదు. పుస్తకం తిప్పి, వేలు పెట్టి, కెండ్రాని దగ్గరికి రమ్మని చూపించింది. ఏప్రిల్ ఇరవై రెండు. 'హాలీ 'క' అంది. ఈ పిల్లకి నేను నేర్పాల్సింది అయిపోయింది. నాకన్నా బాగా చేస్తుంది.' కెండ్రా అక్కడే, ఐదుగురి ముందూ, ఏడ్చేసింది.

తీర్పు నెల తిరక్కుండా వచ్చింది. నోటుబుక్కుల్లో ఉన్న రోజులన్నీ కెండ్రాకి లెక్కకొస్తాయి. పదిహేను రోజులు మాత్రం మళ్లీ చెయ్యాలి. ఆర్డిత్‌కి మందలింపు ఉత్తరం. తప్పుతో పాటు, దాన్ని ఆవిడే రాసి పంపిన సంగతీ, నోటుబుక్కుల సంగతీ, లెక్క కాని పదిహేను రోజుల సంగతీ అందులో ఉన్నాయి. ఆవిడ పేరు, చేసిన తప్పు, ఎవరైనా చూసుకోగలిగేలా బోర్డు జాబితాలో ఎక్కుతాయి. ఎప్పటికీ చెరగవు. ముప్పై నాలుగేళ్ల పేరుకి చివర్లో ఆ మచ్చ పడింది. మా ఊళ్లో కొంతమంది అన్యాయం అన్నారు. ఆవిడ ఊరుకోలేదు. "అన్యాయం ఏముంది ఇందులో? తప్పు చేశాను, రాశారు. నేనైనా అలాగే రాసేదాన్ని," అంది.

కొత్త లైసెన్సు తెప్పించుకుంది, పద్దెనిమిదోది. ఎమిల్ ఉలి తీసుకుని చట్రం కింది చెక్క తనే చెక్కింది, తారీఖు కనబడేటంత. వంకరటింకరగా వచ్చింది. జూలైలో వేసవి బడి పెట్టించి, ఎండలో, చీపుర్ల కొట్లో కూర్చుని, పదిహేను రోజులూ కెండ్రా వెనక చిన్న కుర్చీలో రాసుకుంటూనే ఉంది. పదిహేనో రోజు సాయంత్రం పెన్ను మూసి, "ఇంక నేను రిటైరు," అంది. అంతే, అదే ఆవిడ రిటైర్మెంటు సభ.

కెండ్రా లైసెన్సు ఆగస్టు మొదటి వారంలో వచ్చింది. వచ్చిన రోజే పటం కట్టించుకుని, చూపించడానికి ఆర్డిత్ ఇంటికి పరిగెత్తింది. ఆర్డిత్ చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, పేరు కాదు, ముందు అడుగున తారీఖు చూసింది. కనబడుతోంది. తృప్తిగా తలూపి కొలాచీల పళ్లెం ముందుకి తోసింది. ఈసారి ఇద్దరూ తిన్నారు.

కాఫీలోకి పాలు తీయబోతూ కెండ్రా ఫ్రిజ్జు ముందు ఆగిపోయింది. ట్రాక్టరు బొమ్మ అయస్కాంతం కింద, పచ్చకార్డు ఉండే చోట, బోర్డు వాళ్ల మందలింపు ఉత్తరం ఉంది.

"ఇది ఇక్కడెందుకు పెట్టారు?"

"ఎమిల్ ఉంటే అక్కడే పెట్టేవాడు. రోజూ కాఫీ తాగుతూ చదివి నా ప్రాణం తీసేవాడు."

కెండ్రా దాన్ని రెండుసార్లు చదివింది. "ఇది నాకివ్వండి."

"నీకెందుకే? దాని మీదున్నది నా పేరు."

"అందుకే. నా లైసెన్సు ఎలా వచ్చిందో అందులో ఉంది."

ఆర్డిత్ లేచొచ్చి అయస్కాంతం సరిగ్గా పెట్టింది. "అసలుది ఇవ్వను. అది ఎమిల్ చోటు. కావాలంటే జిరాక్సు తీసుకో," అంది.

"జిరాక్సు పనికిరాదంటారుగా మీరు!"

"లైసెన్సుకి పనికిరాదు. తప్పుకి పనికొస్తుంది. ఎన్ని గోడల మీదుంటే అంత మంచిది."

బళ్లు తెరిచిన వారంలో కెండ్రా సుత్తి పట్టుకుని ఐదు ఊళ్లూ తిరిగింది. చీపుర్ల కొట్లో, బాయిలరు పక్కన, స్టేజీ వెనక, పాత మేకు పక్కనే ఇంకో మేకు కొట్టింది. పాత మేకుకి రోజూ తన లైసెన్సు తగిలిస్తుంది, సాయంత్రం దించి దుప్పటిలో చుట్టుకుంటుంది. కొత్త మేకుకి ఉన్న కాగితాన్ని మాత్రం దించదు. పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లిదండ్రులు దాన్ని చూసి, "ఇదేమిటమ్మా, ఎవర్నో తిట్టిన కాగితం గోడకి పెట్టావు?" అని అడుగుతారు.

"నాకు పని నేర్పినావిడది. పూర్తిగా చదివి, అప్పుడు మీ పిల్లని నా దగ్గర వదలండి," అంటుంది.